వివరించి చెప్పడమే చూపు

భైంసా పత్తి ఊరు. పత్తి కాలంలో మార్కెట్ యార్డు దారి పొడవునా బండ్లు బారులు తీరి నిలుస్తాయి. ఇక్కడి వ్యాపారులు దూది నాణ్యతను కంటికన్నా వేళ్లతోనే ఎక్కువగా తెలుసుకుంటారు. చిటికెడు దూదిని రెండు చేతుల బొటనవేళ్ల నడుమ పట్టి లాగి, పోగు ఎంత పొడవున సాగిందో గమనించి ధర చెబుతారు. అటువంటి ఊళ్లో దాదాగారి నాటి నుంచి బట్టల అంగడి నడుపుకుంటున్న కుటుంబం మాది. బుర్ఖా గుడ్డ, దుపట్టాలు, జానమాజులు, టోపీలు, ఒక మూల బీరువాలో అత్తరు సీసాలు మా సరుకు.

మా పాత ఖాతాదారులలో చూపు లేని ఒక హాఫిజ్ సాహెబ్ ఉండేవారు. పుట్టుకతోనే ఆయనకు కళ్లు కనబడవు. దివ్య ఖుర్ఆన్ మొత్తం ఆయనకు కంఠస్థం. ఏటా రంజాన్ చివరి పది రోజుల్లో అంగడికి వచ్చేవారు. చేయి పట్టుకొని నడిపిస్తామంటే ఒప్పుకునేవారు కాదు. "మూడు మెట్లు, ఎడమ చేతికి గల్లా. నాకు తెలుసు భాయీ" అని నవ్వేవారు. గుడ్డ మడతను బొటనవేలితో ఒకసారి రుద్ది, "ఇది అచ్చమైన నూలు కాదు" అంటే దానికి తిరుగులేదు. అత్తరు మూత తీసి వాసన చూసి, నిరుడు ఇచ్చినదీ ఇదీ ఒకటి కాదని చెప్పగలిగేవారు. ఆయనతో బేరం ఆడటం మాకెప్పుడూ కష్టమే. చూపు లేని మనిషికి ఏదో మేలు చేస్తున్నామన్న ఆలోచన ఆ బేరాల మధ్య మాకెన్నడూ రాలేదు. ఆయన మాకు ఒక గట్టి ఖాతాదారుడు, అంతే.

2020లో లాక్‌డౌన్ వచ్చి అంగడి మూతపడినప్పుడు మా పెద్దబ్బాయి ఆన్‌లైన్ దుకాణం తెరుద్దామన్నాడు. వెబ్‌సైటు తయారు చేసే ఒకరికి డబ్బు కట్టాము. నెల తిరిగేసరికి మా సరుకంతా ఫోను తెర మీద మెరిసింది. ఫొటోలు కదులుతున్నాయి, రంగులు మారుతున్నాయి. ఇంటిల్లిపాదీ చూసి మురిసిపోయాము. నిర్మల్, నిజామాబాద్, నాందేడు వైపుల నుంచి ఆర్డర్లు రాసాగాయి. అంగడికి మెట్లు లేకుండా పోయాయి, ఎవరైనా ఎక్కడి నుంచైనా రావచ్చునని మేము పదిమందికీ చెప్పుకున్నాము.

ఆ తర్వాత కొంతకాలానికి హాఫిజ్ సాహెబ్ జగిత్యాల వైపు ఒక గ్రామంలోని మక్తబ్‌లో పిల్లలకు చదువు చెప్పడానికి వెళ్లిపోయారు. ఆయన కూతురి నిశ్చితార్థం కుదిరింది. తన సంపాదనతో, తానే ఎంచి, కూతురికి ఒక ఆకుపచ్చ దుపట్టా కొనాలనుకున్నారు. ఆయన చేతిలోని ఫోను మాట్లాడుతుంది. తెర మీద వేలు ఆనించిన చోట ఏముందో టాక్‌బ్యాక్ అనే సదుపాయం పైకి చదివి చెబుతుంది. దానితోనే ఆయన ఫోన్లు చేస్తారు, సందేశాలు పంపుతారు. దానితోనే మా దుకాణంలోకీ వచ్చారు.

వచ్చి, ఏమీ కొనలేకపోయారు. చివరికి పొరుగింటి కుర్రవాడికి ఫోను ఇచ్చి, బ్యాంకు పంపిన ఓటీపీ అంకెలు కూడా వాడికే చెప్పి, దుపట్టా తెప్పించుకున్నారు. వచ్చినది కాఫీ రంగు. నేత పలచన. పలచనని ఆయన వేళ్లే చెప్పాయి. రంగు సంగతి కూతురు ఏమీ మాట్లాడకపోవడం వల్ల తెలిసింది. అప్పుడు మాకు ఫోను చేశారు.

"భాయీ, ఇన్నేళ్లూ మీ అంగడి మెట్లు నాకు లెక్కే. ఈ ఫోను దుకాణంలో మాత్రం మెట్లు ఎక్కడున్నాయో తెలియలేదు. దుపట్టా వాపసు తీసుకుంటారా?" అని అడిగారు.

వెబ్‌సైటు అడుగున చిన్న అక్షరాలతో మేమే రాయించిన నియమాన్ని ఆయనకు చెప్పాము. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు. ఆయన "సరే భాయీ" అని ఫోను పెట్టేశారు. ఆరువందల యాభై రూపాయలు మా గల్లాలో ఉండిపోయాయి. నిజం చెప్పాలంటే, ఆ పూట మాకు ఏ బాధా కలగలేదు.

కొన్ని వారాల తర్వాత, జుమా నాడు ఇమామ్ సాహెబ్ క్రయవిక్రయాల గురించి ప్రసంగిస్తూ, చూడకుండా కొన్న సరుకు విషయంలో కొనుగోలుదారుడికి ఉండే హక్కును ప్రస్తావించారు. ధర్మశాస్త్ర పరిభాషలో దానిని ఖియారె రూయత్ అంటారు. వస్తువును చూడకుండా కొన్న మనిషికి, చూసిన తర్వాత దానిని ఉంచుకునేందుకో తిప్పి ఇచ్చేందుకో స్వేచ్ఛ ఉంటుందని హనఫీ పండితులు నిర్ణయించారు. మాకు గుండె గుభేలుమంది. నమాజు ముగిశాక ఆయన వద్దకు వెళ్లి జరిగినదంతా చెప్పి, మరి చూపే లేని మనిషి విషయంలో ఏమిటని అడిగాము.

ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి వివరించారు. ఇమామ్ మర్గీనానీ (రహ్మ) ఎనిమిది శతాబ్దాల క్రితం రచించిన 'హిదాయా'లో ఈ ప్రశ్న ఉంది. చూపు లేని వ్యక్తి కొనవచ్చు, అమ్మవచ్చు. అతని వ్యాపారం పూర్తిగా చెల్లుతుంది. తడిమితే తెలిసే వస్తువును తడమడమే అతనికి చూడటం. వాసనతో తెలిసేదానిని వాసన చూడటం, రుచితో తెలిసేదానిని రుచి చూడటం అతని చూపుతో సమానం. ఇల్లు, భూమి వంటివి చేతికీ నాలుకకూ తెలిసేవి కావు గనుక, వాటిని అతనికి వివరించి చెప్పాలి. ఆ వివరణ అందేదాకా అతని హక్కు అతని వద్దే నిలిచి ఉంటుంది.

"మీ దుకాణంలో ఆయన తడమగలిగారా?" అని ఇమామ్ సాహెబ్ అడిగారు. లేదన్నాము. "ఎవరైనా వివరించి చెప్పారా?" మళ్లీ లేదన్నాము. "మరి ఆయన దేనిని చూసి కొన్నట్టు?" అన్నారు. మా వద్ద జవాబు లేదు.

ఆ సాయంత్రమే ఆరువందల యాభై రూపాయలు తిప్పి పంపి, హాఫిజ్ సాహెబ్‌ను క్షమాపణ కోరాము. ఆయన "డబ్బు సంగతి అలా ఉంచండి భాయీ. వచ్చేసారి నేనే కొనుక్కునేలా చేయండి, చాలు" అన్నారు. డబ్బు తిప్పి ఇవ్వడం తేలిక. ఆయన అడిగినది ఎలా చేయాలో మాత్రం మాకు తెలియలేదు.

మా అబ్బాయి అంగడి కంప్యూటరులో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడరును పెట్టాడు. తెర మీది మాటలను పైకి చదివే ఈ ప్రోగ్రామును 2006లో మైకేల్ కరన్ అనే ఆస్ట్రేలియా యువకుడు ప్రారంభించాడు. తర్వాత జేమ్స్ టే అతనికి తోడయ్యాడు. ఇద్దరూ చూపు లేనివారే. అటువంటి సాధనాలకు వేల రూపాయల వెల కట్టే చోట, వారు దానిని ప్రపంచమంతటికీ ఉచితంగా ఇచ్చారు. ఒక రాత్రి ఇషా నమాజు తర్వాత అంగడి తలుపులు వేసి, మానిటరు ఆర్పేసి, మౌసు పక్కన పెట్టి, మా దుకాణంలో మా సరుకును మేమే కొనడానికి కూర్చున్నాము. గంటన్నర గడిచినా ఒక్క టోపీ కొనలేకపోయాము.

తొలి అడ్డంకి ఫొటోలు. వెబ్ పేజీలో ప్రతి బొమ్మ వెనుకా దానిని మాటల్లో చెప్పేందుకు కొంత చోటు ఉంటుంది. దానిని ఆల్ట్ టెక్స్ట్ అంటారు. స్క్రీన్ రీడరు చదివేది అదే. మా దుకాణంలోని వందలాది ఫొటోలలో ఆ చోటు ఖాళీ. అందువల్ల యంత్రం ఫొటో ఫైలు పేరునే చదివింది. "ఐఎంజీ రెండు సున్నా నాలుగు ఒకటి." అదే ఆకుపచ్చ దుపట్టా. రంజాన్ రాయితీల వివరాలన్నీ ఒకే పెద్ద బొమ్మలో రాయించాము. ఆ బొమ్మ దగ్గర యంత్రం "ఇమేజ్" అని ఊరుకుంది. రంగు ఎంచుకోవడానికి గుండ్రని చుక్కలు పెట్టాము. ఏ చుక్కకూ పేరు లేదు. సంచీ బొమ్మ నొక్కితే సరుకు బుట్టలో పడుతుంది. ఆ సంచీ కూడా చెవికి "బటన్" మాత్రమే.

భాష విషయంలో మరో తప్పు బయటపడింది. పేజీ ఏ భాషలో ఉందో యంత్రానికి తెలిపే ఒక చిన్న గుర్తు ఉంటుంది. మా తెలుగు పేజీకి ఇంగ్లీషు అని గుర్తు వేసి ఉంది. స్క్రీన్ రీడరు తెలుగును ఇంగ్లీషు గొంతుతో చదవబోయి తడబడింది. కొన్నిచోట్ల ముద్రణాలయాల్లో వాడే పాత ఫాంటుతో టైపు చేసిన తెలుగు ఉంది. కంటికి అది తెలుగే. యంత్రానికి మాత్రం అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల కుప్ప. వాటన్నిటినీ యూనికోడ్‌లో తిరిగి టైపు చేయవలసి వచ్చింది.

చిరునామా నింపే చోట, గడిలో ఏమి రాయాలో లేత అక్షరాలతో ఉండేది. రాయడం మొదలుపెట్టగానే అది మాయమయ్యేది. ఏదైనా తప్పు రాస్తే గడి అంచు ఎర్రబడేది, అంతకు మించి ఒక్క మాటా ఉండేది కాదు. ఎరుపు కనబడని మనిషికి తప్పు ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? ఇక ఆర్డరు ఖాయం చేసుకోవడానికి మేము ఫోను చేస్తామని, జవాబు రాకుంటే ఆర్డరు రద్దవుతుందని రాసి ఉంది. చెవులు వినబడని ఖాతాదారుడు ఆ ఫోనుకు ఎలా జవాబిస్తాడో మేమెన్నడూ ఆలోచించలేదు. వేళ్లు వణికే మా అమ్మీ మా వెబ్‌సైటులో ఒక సీసా అత్తరు అడగబోయి, పక్కనే ఉన్న మీట నొక్కి మూడు సీసాలు అడిగిన రోజున ఇంట్లో అందరమూ నవ్వాము. తప్పు వేళ్లది కాదని, మీటల మధ్య మేము విడవని జాగాదని ఆ రాత్రి అర్థమైంది.

ఈ తప్పులు మా ఒక్కరివే కావు. వెబ్ ప్రమాణాలను నిర్ణయించే డబ్ల్యూ3సీ అనే అంతర్జాతీయ సంస్థ 1999లోనే వీటిపై మార్గదర్శకాలు వెలువరించింది. 2023లో వచ్చిన 2.2 అనే రూపం ఇప్పుడు వాడుకలో ఉంది. వాటి సారాంశం నాలుగు మాటలు. పేజీలో ఉన్నది ఏదో ఒక ఇంద్రియానికి అందాలి. మౌసు లేకుండా కూడా నడపగలగాలి. అర్థం కావాలి. రకరకాల సాధనాలతో పనిచేయాలి. మామూలు సైజు అక్షరానికీ దాని వెనుక రంగుకూ మధ్య వెలుగు తేడా కనీసం 4.5:1 ఉండాలని, అక్షరాలను రెండింతలు పెద్దవి చేసినా పేజీ చెదరకూడదని అందులో ఉంది. మేము ఆ జాబితాను తెచ్చి ఒక్కొక్కటే దిద్దుకుంటూ వచ్చాము. మీటలకు పేర్లు పెట్టడం, భాష గుర్తు మార్చడం, తనంతట తానే కదిలే బొమ్మలను ఆపడం కొన్ని రోజుల పని. ఆర్డరు ఖాయం చేసుకోవడానికి ఫోనుతో పాటు సందేశం కూడా పంపడం మొదలుపెట్టాము.

ఎక్కువ కాలం పట్టింది సరుకును మాటల్లో చెప్పడానికే. ఆ పని మా కోడలు తీసుకుంది. పెళ్లికి ముందు ఆమె కుట్టుపని చేసేది. గుడ్డ గురించి ఆమెకు తెలిసినంత మాకు తెలియదు. మొదట "అందమైన ఆకుపచ్చ దుపట్టా" అని రాసింది. హాఫిజ్ సాహెబ్‌కు ఫోనులో చదివి వినిపిస్తే, "అందం సంగతి నా కూతురు చెబుతుందమ్మా, నీవు గుడ్డ సంగతి చెప్పు" అన్నారు. అప్పుడు ఇలా మార్చింది: "చిలకాకుపచ్చ నూలు దుపట్టా. పొడవు రెండున్నర మీటర్లు. రెండు అంచుల్లో వేలెడు వెడల్పున తెల్లదారపు కుట్టు. నేత పలచన, తల మీద రెండు మడతలుగా వేసుకోవాలి. తొలి ఉతుకులో కాస్త రంగు పోతుంది."

చివరి రెండు వాక్యాలు చదివి మేము తటపటాయించాము. ఇలా రాస్తే ఎవరు కొంటారన్నాము. కోడలు మాట్లాడకుండా మా వంక చూసింది. ఒకనాడు దైవప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూడగా లోపల తడి తగిలిన ఉదంతం, తడిసిన గింజలను జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ఆ వర్తకుణ్ణి నిలదీసిన ఉదంతం మన ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు. మేమూ ఎన్నోసార్లు ఇతరులకు చెప్పాము. మంచి వెలుగులో తీసిన ఫొటో పలచని నేతను ఎంత చక్కగా దాస్తుందో, దానిని మాటల్లో రాయవలసి వచ్చేదాకా మాకు తట్టలేదు. ఆ రెండు వాక్యాలూ ఉంచేశాము. చూపు ఉన్న ఖాతాదారులు కూడా ఇప్పుడు ఫొటో కన్నా ముందు వాటినే చదువుతున్నారు. "అనుకున్నది ఒకటి, వచ్చింది ఇంకొకటి" అనే ఫోన్లు తగ్గాయి.

చూపు లేనివారు ఎంతమంది ఉంటారు, వారి కోసం ఇంత శ్రమ ఎందుకని మా సాటి వర్తకులు కొందరు అడిగారు. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వికలాంగులు 2.68 కోట్ల మంది. వారిలో చూపు లోపం ఉన్నవారే దాదాపు 50 లక్షలు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం సేవలందించే సంస్థ ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా అందరికీ అందుబాటులో ఉండాలని చెబుతోంది. ఆ చట్టం కింద 2017లో చేసిన నియమాలలో ఒకటి, పాటించినా మానినా ఫరవాలేదన్నట్లు సలహా రూపంలోనే మిగిలిపోయింది. దేశంలో ఈ సౌకర్యాల స్థితిపై మన హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు వికలాంగుల అధ్యయన కేంద్రం సుప్రీంకోర్టుకు నివేదిక సమర్పించింది. రాజీవ్ రతూరి అనే చూపు లేని పౌరుడు 2005లో వేసిన వ్యాజ్యంలో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు ఆ నియమం చట్టానికే విరుద్ధమని, తప్పనిసరిగా పాటించవలసిన ప్రమాణాలు చేయాలని తీర్పు చెప్పింది. 2025 ఏప్రిల్ 30న మరో తీర్పులో, డిజిటల్ సేవలు అందుకోవడం కూడా రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని ప్రకటించింది. అమెరికాలో అయితే టార్గెట్ అనే పెద్ద దుకాణ సంస్థ వెబ్‌సైటు తమకు పనిచేయడం లేదని అంధుల సమాఖ్య 2006లోనే కోర్టుకు వెళ్లగా, 2008లో ఆ సంస్థ 60 లక్షల డాలర్లు చెల్లించి రాజీ చేసుకుంది.

ఈ సంగతులన్నీ సాటి వర్తకులకు చెప్పాము. కానీ మమ్మల్ని కదిలించినది కోర్టు భయం కాదు. ఆరువందల యాభై రూపాయలు మా గల్లాలో ఉన్న ఆ కొన్ని వారాలు. అవి ధర్మసమ్మతమైన డబ్బేనా అన్న ప్రశ్న. ఈ పనిని మేము దానధర్మాల ఖాతాలో రాసుకోలేదు. దానం మన ఇష్టం మీద ఆధారపడుతుంది. వివరణ కొనుగోలుదారుడి హక్కు. అది ఇవ్వనంత కాలం మేము బాకీ పడి ఉన్నట్టే.

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) చూపు లేని సహాబీ. ఖురైష్ పెద్దలతో సంభాషణ సాగుతుండగా ఆయన వచ్చి పలకరించడం, ఆ సందర్భంలో 'అబస' సూరా అవతరించడం మనకు తెలిసినదే. అదే సహాబీని దైవప్రవక్త (స) మదీనాలో ముఅజ్జిన్‌గా నియమించారు. రంజాన్‌లో హజ్రత్ బిలాల్ (రజి) అజాన్ రాత్రి ఉండగానే వినిపించేది. సహ్రీ ఆపవలసినది మాత్రం ఉమ్మె మక్తూమ్ కుమారుడి అజాన్ విన్నప్పుడే. ఆయన తెల్లవారడాన్ని చూడలేరు. ప్రజలు వచ్చి తెల్లవారిందని చెప్పాకే అజాన్ ఇచ్చేవారని హదీసులో ఉంది. ఒక నగరమంతా చూపు లేని మనిషి గొంతు విని ఉపవాసం ప్రారంభించేది. చూపు ఉన్నవారు చేయవలసినది ఒక్కటే, తాము చూసినది ఆయనకు మాటల్లో చెప్పడం.

మొన్నటి రంజాన్ ఇరవై మూడో రాత్రి మా దుకాణానికి ఒక ఆర్డరు వచ్చింది. ఒక దుపట్టా, ఒక సీసా అత్తరు. చిరునామా జగిత్యాల వైపు మక్తబ్‌ది. అంతకు ముందు రెండుసార్లు ఆయన ప్రయత్నించి, ఒకసారి జిల్లా పేరు ఎంచుకునే చోట, మరోసారి డబ్బు కట్టే చోట ఆగిపోయి మాకు చెప్పారు. రెండూ దిద్దాము. డబ్బు కట్టే పేజీ మా చేతిలోది కానందున, సరుకు అందాక చెల్లించే ఏర్పాటు చేశాము. ఈసారి ఎవరి సాయమూ లేకుండా చివరిదాకా వచ్చారు. మరునాడు ఫోను చేశారు. సంతోషం పంచుకోవడానికే అనుకున్నాము.

"అత్తరుకు ధర ఎక్కువ పెట్టారు భాయీ, యాభై తగ్గించండి" అన్నారు.

ముప్పై తగ్గించాము. అల్హందులిల్లాహ్, మా ఖాతాదారుడు మళ్లీ మా మెట్లెక్కాడు.

పాఠక సోదర సోదరీమణులకు ఒక మనవి. ఆన్‌లైన్ దుకాణం మీలో కొందరికే ఉండవచ్చు, ఫోను మాత్రం అందరికీ ఉంది. రంజాన్ రాగానే సహ్రీ, ఇఫ్తార్ వేళల పట్టికను ఫొటో తీసి బంధుమిత్రులందరికీ పంపుతాము. జనాజా నమాజు సమయం, మస్జిద్ ప్రకటన, పెళ్లి పిలుపు, అన్నీ బొమ్మలే. ఆ ఫొటో చూపు లేని సోదరుడి ఫోనులో "ఇమేజ్" అన్న ఒక్క మాటగా మిగిలిపోతుంది. ఇకపై అటువంటిది పంపేటప్పుడు దాని కింద రెండు వాక్యాలు టైపు చేయండి. సహ్రీ ముగిసే వేళ ఇది, ఇఫ్తార్ వేళ ఇది అని. ఆనాడు మదీనా వాసులు తెల్లవారిందని చెప్పినట్లే. ఇతరుల హక్కులు తీర్చకుండానే తన సన్నిధికి చేరేవారిలో మనల్ని చేర్చవద్దని అల్లాహ్‌ను వేడుకుందాము. ఆమీన్.